నీలం మీద నేరేడు రంగు

గాజు పలక మీద పల్చటి కండచెక్క. టోల్యుడిన్ బ్లూ చుక్క పడగానే అంతా నీలమవుతుంది. అక్కడక్కడ కొన్ని కణాలు మాత్రం నేరేడుపళ్లు తిన్న నాలుకలా ఊదారంగు తిరుగుతాయి. అవే మాస్ట్ కణాలు. 1878లో పాల్ ఎర్లిచ్ వీటిని చూసి, బాగా మేసి బలిసిన కణాలనుకుని, జర్మన్‌లో ఆ అర్థమొచ్చే పేరే పెట్టాడు. వాటి రేణువుల్లో ఉన్న హెపారిన్ పోగుల నిండా ఋణావేశం. రంగు అణువులు ఆ పోగు వెంట ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ బారులు తీరేసరికి నీలం కాస్తా ఊదా అవుతుంది.

అదే రేణువులో, హెపారిన్‌ని అంటిపెట్టుకుని హిస్టమిన్. రొమ్ములో పిల్లికూతలు పెట్టించే సరుకుల్లో అదొకటి. మరి నెత్తురు గడ్డకట్టకుండా మనం సూదిమందుగా వాడే హెపారిన్‌కి ఈ కాపురంలో ఏం పని?

మయామీలో తాహిర్ అహ్మద్, విలియం అబ్రహాం బృందం 1992లో ప్రచురించిన గొర్రెల ప్రయోగం ఇక్కడే మొదలవుతుంది. గొర్రెను బండి మీద బోర్లా ఉంచుతారు. మెలకువగానే ఉంటుంది. ముక్కులోంచి దించిన సన్నని గొట్టం, దాని కొసన అన్నవాహికలో చిన్న బెలూన్. ఆస్కారిస్ సువమ్ అనే ఏలికపాము సారాన్ని తుంపరగా పీల్పిస్తే మాస్ట్ కణాలు హిస్టమిన్‌ని వదిలి, ఊపిరిగొట్టాలు బిగుసుకుంటాయి. ముందే హెపారిన్ తుంపర పట్టిస్తే ఆ బిగుతు తగ్గింది. కిలో బరువుకి 1000 యూనిట్ల దాకా మోతాదు పెంచేకొద్దీ ఇంకా తగ్గింది. (గొర్రెకి ఈ రసాస్వాదనలో వాటా లేదని ఒప్పుకోవాలి.)

ఇంతవరకూ మామూలు శాస్త్రమే. నేను మనసు పారేసుకున్నది ఆ తర్వాతి అడుగు మీద. ఈసారి పురుగు సారం కాక నేరుగా హిస్టమిన్నే పీల్పించారు. హెపారిన్ చేతులెత్తేసింది. గొట్టాలు ఎప్పటిలాగే మూసుకున్నాయి. ఆహా, ఎంత అందమైన ఓటమి! మందు కండరాన్ని సడలించడం లేదు, హిస్టమిన్‌ని ఆపడం లేదు. అంతకన్నా ముందే, కణం తన మూట విప్పే క్షణంలోనే, ముడి బిగిస్తోంది. ఆ ఒక్క వైఫల్యం లేకపోతే ఈ మాట చెప్పడానికి ఆధారమే దొరికేది కాదు. 1993లో పరుగు తీస్తే ఆయాసమొచ్చే 12 మంది మనుషుల్లోనూ ఇదే తీరు: వ్యాయామం తెచ్చే బిగుతుని హెపారిన్ ఆపింది, హిస్టమిన్ తెచ్చేదాన్ని ఆపలేదు.

తర్వాత హెపారిన్‌లోంచి నెత్తురు పలచబరిచే గుణం లేని చిన్న ముక్కలు తీసి చూస్తే, అవీ గొర్రెల్లో పనిచేశాయి. ద్వ్యర్థి కావ్యంలో ఒక కథని పూర్తిగా తుడిచేసినా రెండోది చెక్కుచెదరకుండా నిలిచినట్టు.

ఇంకో సంగతి ఉంది, ఏ కవీ ఇంత బాహాటంగా రాయడానికి సాహసించడు. నేడు మందుల బజారుకొచ్చే హెపారిన్‌లో చాలామటుకు పంది పేగు లోపొర నుంచి తీసిందే. ఆస్కారిస్ సువమ్ కాపురముండేదీ పంది పేగులోనే.