హాలు కొలిచాకే సబ్‌వూఫర్

షోరూమ్‌లో సబ్‌వూఫర్ అమ్మేవాళ్లు ముందు వేసేది పేలుళ్ల సీనే. తెర మీద బిల్డింగ్ కూలుతుంది, కింద సోఫా వణుకుతుంది, కొనేవాడి చెయ్యి పర్సు మీదికి పోతుంది. అదే డబ్బా 12 బై 14 హాల్లోకి వచ్చాక డప్పు, డోలు, కారు తలుపు అన్నీ ఒకటే 'బొంయ్'మంటాయి.

అది చాలావరకు గది చేసే పని. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది కాబట్టి 40 హెర్ట్జ్ తరంగం పొడవు ఎనిమిదిన్నర మీటర్లు. 14 అడుగుల హాలు పొడవు దాదాపు అందులో సగం. దాంతో ఆ స్వరం ఎదురెదురు గోడల మధ్య చిక్కుకుంటుంది. గోడ పక్కన హోరెత్తుతుంది, గది నడుమ పలచబడిపోతుంది. నాలుగు తీగల బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరం 41 హెర్ట్జ్. పాట అక్కడికి దిగినప్పుడల్లా గోడకు ఆనించిన సోఫాలో కూర్చున్నవాళ్లకు చెవులు దిబ్బెళ్లు పడతాయి, నడుమ కుర్చీ వేసుకున్నవాళ్లకు బేస్ ఎక్కడుందని అనుమానం.

దీనికి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటుంది. సబ్‌వూఫర్‌ని ఎత్తి తాము కూర్చునే సోఫా మీదే పెట్టాలి. బేస్ గిటార్ మెట్లు మెట్లుగా దిగే పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ వినాలి. స్వరాలన్నీ ఒకే మోతాదులో వినిపించిన మూలే డబ్బా స్థానం. ఆ సమయానికి చుట్టాలు రాకుండా చూసుకోవాలంతే.

ఇక అట్టపెట్టె మీద వేల వాట్ల పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్) అంకె. దాన్ని చదవకుండా వదిలేయొచ్చు. ఆర్ఎంఎస్ (ఆగకుండా ఇవ్వగల పవర్) ఎంతో, ఎన్ని హెర్ట్జ్ దాకా దిగుతుందో అడిగితే అమ్మేవాడి సరుకు తెలిసిపోతుంది.

సంగీతానికీ సినిమాకీ పేచీ ఈ ఎంత కిందికి దిగాలన్న దగ్గరే. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమాకి యూనివర్సల్ వాళ్లు సెన్సరౌండ్ పేరుతో థియేటర్లలో పెద్ద పెద్ద స్పీకర్లు దించి ప్రేక్షకుల్ని వణికించిన నాటి నుంచీ సినిమాకి అట్టడుగు శబ్దం కావాలి. 40 నుంచి 20 హెర్ట్జ్‌కి దిగి అంతే మోత మోగించాలంటే నాలుగు రెట్లు గాలిని కదపాలి. అందుకే సినిమా పిచ్చి ఉన్నవాళ్లు 12 అంగుళాల కోన్, గాలి గొట్టమున్న డబ్బా వెతుకుతారు. గొట్టం కింది స్వరాలకు బలమిస్తుంది, తన హద్దు దాటాక మాత్రం ఆక్టేవ్‌కి, అంటే హెర్ట్జ్ సగమైనప్పుడల్లా, 24 డెసిబెల్స్ చొప్పున చతికిలబడుతుంది. మూసి ఉన్న సీల్డ్ డబ్బా అంత మోగదు గానీ పడిపోవడం 12 డెసిబెల్సే, కిక్ డ్రమ్ దెబ్బ పడ్డచోటే ఆగుతుంది. పాటలు ఎక్కువ వినే ఇంటికి ఈ కాలమ్ ఓటు సీల్డ్‌కే.

స్వరాల్ని సబ్‌వూఫర్‌కీ మిగతా స్పీకర్లకీ పంచే క్రాసోవర్‌ని 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి చెవికి సరిపడేలా జరుపుకుంటే చాలు.

బడ్జెట్ సాగితే ఒక పెద్ద డబ్బా బదులు రెండు చిన్నవి కొని ఎదురెదురు గోడల నడిమధ్యన పెట్టడం మేలు. ఆ 40 హెర్ట్జ్ హోరు చాలావరకు అణుగుతుంది, సోఫాలో అందరికీ ఇంచుమించు ఒకే బేస్ అందుతుంది. కింది ఫ్లాట్ వాళ్లకు మాత్రం ఒకటైనా రెండైనా స్లాబు గుండా దిగేది దిగుతుంది. రాత్రి పది దాటాక నాబ్ తిప్పాల్సిందే.