ఆంగ్లేయుల పల్లెమాటల పరిశోధన

పల్లెవాసుల పలుకును అపభ్రంశమని త్రోసిపుచ్చక, శ్రద్ధతో విని వ్రాసికొనుట పండితులకు వినయము నేర్పు పని. ఇంగ్లండునందు లీడ్సు విశ్వవిద్యాలయాచార్యుడు హెరాల్డు ఆర్టనును, జ్యూరిచ్ పండితుడు యూజీన్ డీత్‌ను తలపెట్టిన మాండలిక పరిశోధన యిట్టిదే. 1950 మొదలు 1961 వరకు 313 స్థలములలో 1,300కు పైబడిన ప్రశ్నలడిగి, సమాధానములను ధ్వనిలిపిలో వ్రాసికొనిరి. 1962 నుండి వానిని సంపుటములుగా ప్రకటించిరి.

ఇందు మేము మిక్కిలి మెచ్చునది ప్రశ్నించు పద్ధతి. అడుగువాడు తనకు కావలసిన మాటను ముందుగా తానే పలుకడు. వస్తువును చూపియో వర్ణించియో, దీనినేమందురని యడుగును. పండితుని మాట పల్లెవాని నోట దూరకుండుటకిది మంచి కట్టుబాటు. అందుచేతనే పసులకొట్టమునకు ఉత్తరపు కొసన ‘బయర్’ అనియు, లాంకషైరులో ‘షిప్పన్’ అనియు, యార్కుషైరు పశ్చిమభాగమున ‘మిస్టల్’ అనియు గల పేర్లు చెక్కుచెదరక మనకు దక్కినవి.

కాని సాక్షుల యెంపికను మేము పూర్తిగా నంగీకరింపజాలము. వారిలో అధికులు వృద్ధులు, ఊరు విడువని కృషీవలులు, పురుషులు. స్త్రీలకంటె పురుషులే ప్రాంతీయభాషను నిలుకడగా పలుకుదురని సంపాదకులు కారణము చెప్పిరి. ప్రశ్నావళిలోని తొమ్మిది భాగములలో ఒకటి యింటికిని ఇంటిపనికిని సంబంధించినది. స్త్రీలను కొందరిని అడుగకపోలేదు గాని, వారి గొంతు మొత్తముమీద సన్నగనే వినబడును.

వృద్ధులతో ప్రాతపలుకు అంతరించునను భయము న్యాయమైనదే. అయినను స్త్రీలు నాగరకభాషను త్వరగా గ్రహింతురన్నచో, ఆ మార్పే పరిశోధింపదగినది కాదా? బిడ్డకు తొలిమాట నేర్పునది తల్లి. ఆమె పలుకు మారినచో రేపటి ఊరిపలుకును మారును. పోవుచున్న మాటను భద్రపరచుట యెంత యవసరమో, వచ్చుచున్న మాటను గుర్తించుటయు అంతే యవసరము.

మనకును ఈ తలపు క్రొత్తది కాదు. ఆ 1962లోనే భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటము వ్యవసాయపదములతో వెలువడినది. పొలము మాటకు దొరకిన గౌరవము వంటింటి మాటకును పురిటింటి మాటకును దొరకవలెను. ఇందులకు విశ్వవిద్యాలయము కొరకు వేచియుండ నక్కరలేదు. మన పాఠకులు తమ యింటి అవ్వల మాటలను, వారు పలికినవి పలికినట్లు, దిద్దక వ్రాసికొందురు గాక.