ఎవరి గొంతు వినబడుతోంది? నంద్యాల, ఆళ్లగడ్డ ఆరాధనలు

నంద్యాల హోలీ క్రాస్ కథెడ్రల్‌లో ఆదివారం ఆరాధన పుస్తకంలోని క్రమాన్ని బట్టి నడుస్తుంది. పాపపు ఒప్పుకోలు, కీర్తన, వాక్య పఠనం, విశ్వాస ప్రమాణం, ప్రసంగం, విజ్ఞాపన: దేని తర్వాత ఏదో పదేళ్ల పిల్లలకు కూడా తెలుసు. ఆళ్లగడ్డలో, చుట్టుపక్కల ఊళ్లలో రేకుల షెడ్డులోనో, మేడమీద హాల్లోనో జరిగే స్వతంత్ర మందిరాల ఆరాధన అలా ఉండదు. అక్కడ కీబోర్డు మోగుతుంది, ప్యాడ్ అందుకుంటుంది, ఆపైన పాస్టరుగారి ప్రేరణే క్రమం. ఇక్కడివాళ్లు అక్కడికి పోతే చెవులు మూసుకుంటారు, అక్కడివాళ్లు ఇక్కడికొస్తే ఆవులిస్తారు. "అది గోల" అని వీళ్లు, "ఇది చచ్చిన ఆరాధన" అని వాళ్లు. ఇద్దరూ తమ ఇష్టాన్ని మనస్సాక్షిగా చెప్పుకుంటున్నారనేది నా అభిప్రాయం.

ఇష్టానికీ మనస్సాక్షికీ తేడా నంద్యాలకు తెలిసినంతగా మరో ఊరికి తెలియదు. 19వ శతాబ్దంలో ఆళ్లగడ్డ పక్కనున్న ముత్యాలపాడు ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషనుకు ముఖ్య కేంద్రం. తర్వాత నంద్యాల. అంటే రెండు ఊళ్ల క్రైస్తవ్యానికీ వేరు ఒక్కటే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు ఒకటైనప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో వేలమంది అందులో చేరలేదు. బిషప్పు చేతులుంచి అభిషేకించని వాళ్లను గురువులుగా అంగీకరించడానికి వాళ్ల మనస్సాక్షి ఒప్పలేదు. 1970ల దాకా ఆ ఎడబాటు తీరలేదు. అటు ఐక్య సంఘం కూడా తన రాజ్యాంగంలో ఒక మాట ఇచ్చింది: అలవాటు లేని ఆరాధన విధానాన్ని గానీ, మనస్సాక్షి ఒప్పని గురువును గానీ ఏ సంఘం మీదా రుద్దబోమని. అంత బరువైన మాటను ఈనాడు తబలా వద్దు, ప్యాడ్ కావాలి అనే తగవులోకి లాక్కురావడం తగదు.

ఇష్టాలకు పరీక్ష ఒక్కటే: పక్కనున్నవాడు పాడగలుగుతున్నాడా, ప్రార్థించగలుగుతున్నాడా? కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయంలో పౌలు పట్టుబట్టింది కూడా దీనిమీదే. వినేవాడికి అర్థం కాక ఆమేన్ చెప్పలేకపోతే సంఘానికి ఏం మేలు అన్నాడు.

ముందు పాట. ఇక్కడ నేను నంద్యాల వైపే. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివాళ్లు మన సంగీత మర్యాదలోనే వాటిని కట్టారు. చరణం రానివాళ్లు పల్లవి దగ్గర కలుస్తారు. వాయిద్యం లేకపోయినా పాట నిలుస్తుంది. కొత్త పాటల్లో చాలావరకు స్టూడియోలో ఒక గాయకుడి గొంతుకు కట్టినవి. శృతి అతనిది, మధ్యలో వచ్చే మ్యూజిక్ వాద్యబృందానిది. అదే ట్రాకు ఆళ్లగడ్డ మందిరంలో పెట్టినప్పుడు అనుపల్లవి దాటేసరికి సగం మంది గొంతు అందక ఆగిపోతారు. చప్పట్లు మాత్రం మిగులుతాయి. బాక్సుల మోత వల్ల ఆ ఆగిపోవడం ఎవరికీ తెలియదు కూడా. అసలు ఆటంకం అది. పసిబిడ్డ ఏడుపు, ఆలస్యంగా వచ్చినవాళ్ల చెప్పుల చప్పుడు దాని ముందు ఏపాటివి?

అయితే కీర్తనను ఈడ్చి ఈడ్చి పాడి చంపేది కూడా మనవాళ్లే. దాని పాత మాటలు ఇంటర్ చదివే పిల్లలకు తెలియవు, చెప్పే ఓపిక పెద్దలకు లేదు. కొత్త పాట వాడుక మాటల్లో ఉంటుంది, చదువురాని అవ్వకు కూడా రెండు వారాల్లో నోటికొస్తుంది. ఆ మేలును కాదనలేం.

ప్రార్థన దగ్గరికొస్తే నా తీర్పు తిరగబడుతుంది. పత్తి తీతకు పోయే కూలి అక్క ఆళ్లగడ్డ మందిరంలో లేచి నిలబడి తన సాక్ష్యం తన మాటల్లో చెబుతుంది. ఆమె బిడ్డ జ్వరం, ఆమె అప్పు సంఘమంతటి ప్రార్థన అవుతాయి. పుస్తకం ముందు ఆమెకు దక్కేది ఎక్కువగా ఆమేన్ మాత్రమే. దుఃఖంలో నోట మాట పెగలనివాడికి ఆ పుస్తకమే మాటలిస్తుంది, నిజమే. కానీ 1950లో దక్షిణ ఇండియా సంఘం రూపొందించిన ప్రభు సంస్కార క్రమంలో సొంత మాటల ప్రార్థనకు చోటుంది, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం పంచుకోవడం ఉంది. క్రమం వద్దనలేదు, మనమే ఆ చోటు వాడుకోవడం లేదు. భక్తసింగ్ (1903–2000) స్థాపించిన సహవాసాల్లో అచ్చు క్రమం లేకుండానే చాపల మీద కూర్చున్న విశ్వాసులు ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు విన్నారు. ఆళ్లగడ్డ వైపు కొన్నిచోట్ల అందరూ ఒకేసారి గొంతెత్తినప్పుడు మైకు పట్టుకున్న ఒక్కరి ప్రార్థనే వినిపిస్తుంది. ఆ అక్క గొంతు మళ్లీ మునిగిపోతుంది.

 

నంద్యాల పెద్దలకు నా మనవి: ఆదివారం విజ్ఞాపనల్లో ఇద్దరు సంఘస్థులను, అందులో ఒక కూలి తల్లిని, సొంత మాటల్లో ప్రార్థించనివ్వండి. కొత్త పాటలు రెండు నేర్పండి. ఆళ్లగడ్డ వాద్యకారులకు: శృతి ఆడవాళ్లకూ ముసలివాళ్లకూ అందేలా దించండి, చివరి చరణం వచ్చేసరికి కీబోర్డు, ప్యాడ్ ఆపేసి సంఘం పాడుతోందో లేదో మీ చెవులతో మీరే వినండి.