"ఆ రక్తమే అంత" అను మాట

2009 మిరప కోతల కాలమున మా పాస్టరేటులోని ఒక గ్రామమందు కల్లమునుండి రెండు టిక్కీల కాయలు పోయెను. తెల్లవారులోగా ఊరంతయు ఒకే వైపు చూచెను. చెరువుకట్ట క్రింద గుడిసె వేసికొని బుట్టలల్లుకొను ఎరుకల కుటుంబమొకటి అక్కడ నుండెను. మా సంఘపెద్ద ఒకరు నాతో, "అయ్యగారూ, వాళ్లననేం లాభమండీ? ఆ రక్తమే అంత" అనిరి. ఆయన కఠినుడు కారు, మంచి ప్రార్థనాపరులు. అప్పుడు నేను జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పుచున్నాను.

ప్రియ చదువరులారా, మనుష్యుడు నేరమెందుకు చేయునను ప్రశ్నకు పండితులు అనేక సిద్ధాంతములు చెప్పిరి. వాటిని తూచి చూచుటకు తగిన త్రాసు మన ప్రాంతముననే కలదు. అది బాపట్లకును చీరాలకును నడుమ రైలుదారి ప్రక్కనున్న స్టూవర్టుపురము.

1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ తెగల చట్టము చేసెను. 1911 చట్టముతో అది మద్రాసు రాజధానికిని వచ్చెను. మనిషి ఏమి చేసెనని విచారింపక, ఏ తెగలో పుట్టెనని చూచి పేరు పట్టీలో వ్రాసిరి, వ్రేలిముద్రలు తీసికొనిరి. 1913 ప్రాంతమున ఎరుకలవారిని ఒకచోట కాపురముంచి, ఆ సెటిల్మెంటును సాల్వేషన్ ఆర్మీ మిషనువారికి అప్పగించిరి. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలోని హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టిరి.

ఆ చట్టము వెనుకనున్నది మా పెద్దగారి మాటయే. ఇటలీ వైద్యుడు లాంబ్రోసో 1876లో, నేరస్థుడు పుట్టుకతోనే నేరస్థుడనియు, పుర్రెలోను ముఖములోను గురుతులుండుననియు వ్రాసెను. నేరమును మాత్రమే గాక, చేసిన మనిషినికూడ పరీక్షింపవలెనని చెప్పుట అతని మేలు. అయితే ఛార్లెస్ గోరింగ్ అను ఇంగ్లీషు చెరసాల వైద్యుడు సుమారు 3,000 మంది ఖైదీలను కొలిచి, అట్టి ప్రత్యేకమైన రూపమేదియు లేదని 1913లో ప్రకటించెను. స్టూవర్టుపురము కట్టుచున్న రోజులలోనే! అంతకు ఎన్నో శతాబ్దముల ముందు, తండ్రుల దోషమును పిల్లలకంటగట్టు సామెతను దేవుడెంత గట్టిగా కొట్టివేసెనో యెహెజ్కేలు పదునెనిమిదవ అధ్యాయము చదివినవారెరుగుదురు.

రెండవది పేదరికపు సిద్ధాంతము. దీనికి బలమెక్కువ. ఎరుకలవారు ఒకప్పుడు ఎద్దులమీదను గాడిదలమీదను కోస్తా ఉప్పును మెట్టసీమకు చేర్చి, ధాన్యము తెచ్చుకొను వర్తకులు. ప్రభుత్వపు ఉప్పు విధానము, రైలు, 1876–78 కరవు, ఇవన్నియు కలిసి ఆ వర్తకమును ఎట్లు కూల్చెనో మీనా రాధాకృష్ణగారు 2001లో వెలువడిన తమ గ్రంథములో చూపిరి. బ్రదుకుతెరువు ఊడబెరికినవారే, వీరు తెరువులేని తిరుగుబోతులని వ్రాసిరి. లేమి వచ్చిన దొంగిలుదునేమో అని సామెతల గ్రంథములో ఆగూరు కూడ భయపడెను గదా.

అయినను పేదరికమే మూలమనినచో, పేదలకు అన్యాయము చేసినవారమగుదుము. పత్తితీతలకు పోవు మన సంఘపు తల్లులు దినమంతయు తెల్లని పత్తి నడుమ నిలిచి, పిడికెడైనను ఒడిలో దాచక ఇంటికి వత్తురు. నకిలీ విత్తనములమ్మువాడు ఆకలికి అమ్ముటలేదు. అమెరికా పండితుడు సదర్లాండు 1949లో పెద్ద కంపెనీల నేరములను లెక్కించి చూపి, నేరము సావాసమువలన నేర్చుకొనబడునని బోధించెను. మంచి మాటయే. అయితే ఒకే సావాసములో ఒకడు చెడి ఒకడు చెడకుండుట యేల? దానికి ఆయన జవాబు బలహీనము. ఇంకొకటి చూడుడు: సావాసమే చెరుపునదైతే, అనుమానితులను, నిర్దోషులను ఒకే దడిలోనికి తోలిన ప్రభుత్వమునేమనవలెను?

సంఘము వేసిన ముద్రయే మనిషిని వెలివాని చేయునని బెక్కరు 1963లో వ్రాసెను. మద్రాసులో 1947లోను, దేశమంతట 1952 ఆగస్టు 31న ఆ చట్టము రద్దయ్యెను. కాని ముద్ర పోలేదు. 2023లోకూడ ఆ ఊరి దొంగనుగూర్చి సినిమా వచ్చెను. ఊరి పేరు చెప్పుటకు వెనుకాడిన చదువరి బిడ్డలెందరో! అయినను ముద్రయే సర్వమనలేము. అక్కడ నిజముగా దొంగతనము చేసినవారును ఉండిరి. తాళము పగిలిన ఇంటివాని దుఃఖము ముద్రతో తీరదు.

మిషనువారిమాట దాటవేయరాదు. బడి పెట్టిరి, పొలమిచ్చిరి, పని చూపిరి. హాజరు కూడ పిలిచిరి. చీరాల పొగాకు కంపెనీకి కూలీలను పంపిరి. సువార్తయు హాజరుపట్టీయు ఒకే చేతిలోనుండగా, వినువానికి ఏది ముందు కనబడును? 1970ల దశకమున విజయవాడ నాస్తిక కేంద్రమునుండి లవణంగారు, ఆయన భార్య, మహాకవి జాషువాగారి కుమార్తె హేమలతగారు ఆ ఊరికి వెళ్లి, అక్కడివారితో కూర్చుండి మాటలాడి పనిచేసిరి. దేవుడు లేడనువారు చేసిన ఆ పనిని నేను గౌరవముతోను, కొంత సిగ్గుతోను తలంతును.

ఇక ఆ మిరపకాయల సంగతి. నెల దాటిన తరువాత తెలిసెను: కల్లము రైతు కుమారుడే పేకాట అప్పులకు ఆ టిక్కీలను గుంటూరు యార్డుకు తోలి అమ్మెను. అప్పుడు ఊరిలో ఎవరును రక్తము మాట ఎత్తలేదు. "చెడు సావాసమండీ, పిల్లవాడు మంచివాడే" అనిరి. మా పెద్దగారును అట్లే అనిరి, నేనును తల ఊపితిని. మనవానికి సదర్లాండు, పరాయివానికి లాంబ్రోసో!

ఎరుకల కుటుంబము అప్పటికే గుడిసె విప్పుకొని వెళ్లిపోయెను. చీరాల వైపని ఒకరు, అద్దంకి వైపని ఒకరు చెప్పిరి. నేను రెండుమారులు వెదకితిని. కోతపండుగ కానుకలకు ఆమె అల్లియిచ్చిన రెండు తట్టల వెల నూట అరువది రూపాయలు, చెల్లవలసినదిగా మా సంఘపు లెక్కల పుస్తకములో ఇంకను ఉన్నది.