వలీ సమ్మతి లేని నికాహ్: లాహోర్ తీర్పుపై ఒక పరిశీలన

పెద్దల సమ్మతి లేకుండా వివాహమాడిన ముస్లిం దంపతుల రక్షణ గురించి చర్చ వచ్చినప్పుడు ప్రస్తావించదగిన తీర్పులలో ముఖ్యమైనది, 1997లో లాహోర్ హైకోర్టు వెలువరించిన ‘అబ్దుల్ వహీద్ వర్సెస్ ఆస్మా జహంగీర్’ తీర్పు. 22 ఏళ్ళ యువతి 1996లో తన ఇష్టప్రకారం నికాహ్ చేసుకొని, లాహోరులోని ‘దస్తక్’ ఆశ్రయ గృహంలో తలదాచుకుంది. తండ్రి అహ్లె హదీస్ వర్గీయుడు. వలీ లేని నికాహ్ చెల్లదని ఆయన వాదం. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరు చెల్లుతుందన్నారు, ఒకరు విభేదించారు. 2003లో పాకిస్తాన్ సుప్రీం కోర్టు కూడా అధిక సంఖ్యాకుల నిర్ణయాన్నే సమర్థించింది.

తండ్రి వాదం తోసివేయదగినంత బలహీనమైనదేమీ కాదు. వలీ లేనిదే నికాహ్ లేదన్న భావం గల హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంపుటాలలో ఉంది. మాలికీ, షాఫయీ, హంబలీ ధర్మవేత్తలు దానినే ఆధారంగా గ్రహించారు. యుక్తవయస్కురాలు, వివేకవతి అయిన స్త్రీ తన నికాహ్ తానే చేసుకోగలదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. వరుడు తగిన జోడు కానప్పుడు మాత్రం వలీ ఖాజీని ఆశ్రయించవచ్చు. దివ్య ఖుర్ఆన్‌లోని బఖరా సూరా 232వ ఆయతును ఉభయ పక్షాలూ చూపడం విశేషం. హజ్రత్ మఅఖిల్ బిన్ యసార్ (రజి) తన సోదరి పూర్వభర్తను తిరిగి వివాహమాడబోగా అడ్డుపడ్డారు. ఆయతు అవతరించగానే తలవంచారు. వివాహక్రియ స్త్రీకే ఆపాదించబడింది గనుక అధికారం ఆమెదేనని హనఫీలంటారు. అధికారమే లేనివానిని అడ్డుపడవద్దని వారించడమెందుకని ఇమామ్ షాఫయీ (రహ్మ) పక్షం అడుగుతుంది.

ఈ వివాదంలో మరుగునపడే సంగతి ఒకటుంది. వలీ తప్పనిసరి అన్న మజ్హబులలో సైతం, సరైన కారణం లేకుండా అడ్డుపడే వలీ తన అధికారాన్ని కోల్పోతాడు. అది మరొక వలీకో, ఖాజీకో సంక్రమిస్తుంది. అలా అకారణంగా అడ్డుపడడాన్నే ‘అజ్ల్’ అంటారు. కనుక అసలు అడగవలసిన ప్రశ్న వలీ ఉన్నాడా లేడా అన్నది కాదు, ఆయన ఎందుకు అడ్డుపడ్డాడన్నది.

నికాహ్ చెల్లుతుందన్న ఇద్దరిలో ఒకరైన జస్టిస్ ఖలీలుర్రహ్మాన్ రమ్దే, రహస్య స్నేహాలను, రహస్య వివాహాలను అరికట్టే చట్టం కావాలని కూడా సూచించారు. నికాహ్‌కు సాక్షులు, ప్రకటన కావాలన్నది షరీఅత్ ఆశయమే. ఆయన ఆందోళన నిరాధారం కాదు. కాని ఇంటివారికి తెలిస్తే ప్రాణానికే ముప్పని భయపడే పిల్ల బహిరంగంగా ఎలా చేసుకోగలదు? నిర్బంధం రహస్యానికి తల్లి. తల్లిని వదిలి బిడ్డను శిక్షించమనడం న్యాయం కాదు.

ఇంతకంటే పెద్ద లోపం తీర్పులో కాక, నాటి శిక్షాస్మృతిలో ఉంది. 1990 నుండి అమలులోకి వచ్చిన ఖిసాస్, దియత్ చట్టం ప్రకారం హతుల వారసులు హంతకుణ్ణి క్షమించవచ్చు. సోదరుడు చంపితే తండ్రి క్షమిస్తాడు! నికాహ్‌ను అడ్డుకున్న వలీయే రక్తానికీ వలీ అయ్యాడు. బనీ ఇస్రాయీల్ సూరా 33వ ఆయతు వలీకి అధికారమిచ్చింది అన్యాయంగా హతమైనవారి పక్షాన నిలవడానికే గాని, ఇంటి హంతకుణ్ణి ఇంట్లోనే దాచుకోవడానికి కాదు. పరువు హత్యలలో వారసులు క్షమించినా యావజ్జీవ శిక్ష తప్పదని చట్టం సవరించబడింది 2016లో గాని కాదు.

మన దేశంలో 2018లో శక్తివాహిని కేసులో సుప్రీం కోర్టు ఇటువంటి దంపతులకు ఆశ్రయ గృహాలు, జిల్లాలలో ప్రత్యేక విభాగాలు ఏర్పరచాలని ఆదేశించింది. 2022లో పంజాబ్, హర్యానా హైకోర్టు 16 ఏళ్ళ వధువుకు, ఆమె భర్తకు రక్షణ ఇస్తూ, 15 ఏళ్ళకు యుక్తవయస్సు వచ్చినట్లు భావించాలన్న ముల్లా గ్రంథంలోని 195వ సెక్షన్‌ను ఆధారం చేసుకుంది. దానిపై జాతీయ బాలల హక్కుల కమిషన్ వేసిన పిటిషన్‌ను 2025 ఆగస్టులో సుప్రీం కోర్టు కొట్టివేసింది. రక్షణ ఇవ్వడం సమంజసమే. ఆధారమే అనవసరం. ప్రాణరక్షణ హక్కు నికాహ్ చెల్లుబాటుపై ఆధారపడదు. చెల్లని నికాహ్ చేసుకున్నవారినీ చంపే అధికారం ఎవరికీ లేదు. ఒక పార్సీ న్యాయవాది సంకలనం నుండి ఒక వాక్యాన్ని తీసి, దానినే షరీఅత్‌గా నిలబెట్టినందువల్ల, బాలల రక్షణ చట్టాన్ని తప్పించుకోవడానికి ముస్లిం ధర్మశాస్త్రం సాకుగా వాడబడుతోందన్న ఆరోపణకు కోర్టే తావిచ్చింది.