ఐరోపా నేరగాథలలో పరిశోధనయు, ధర్మమును

నేరపరిశోధన కథలను కాలక్షేప సాహిత్యముగా నెంచి ప్రక్కకు నెట్టుట మన విద్వాంసులలో నొక పరిపాటియై యున్నది. ఆ కథలలో పెక్కింటికి ఆ తీర్పు తగినదే కావచ్చును. కాని ఐరోపాఖండమున, ముఖ్యముగా జర్మనీ, స్విట్జర్లాండు, స్వీడను, డెన్మార్కు దేశములలో, వరుస హత్యలు చేయు హంతకుని వెదకి పట్టు పోలీసుల కథను ఆధారముగా గొని, సంఘముయొక్క అంతరంగమును పరీక్షించు నొక గంభీరమైన కళాసంప్రదాయము గడచిన శతాబ్దమున రూపొందినది. హంతకు డెవడో చెప్పి చేతులు దులుపుకొనుట దాని లక్ష్యము కాదు. అట్టివాడొకడు తమ నడుమ సంచరించుచున్నాడని తెలిసిననాడు తల్లులు, పొరుగువారు, పత్రికలు, పోలీసులు, తుదకు దొంగలు సైతము ఎట్లు ప్రవర్తింతురు, ఆ ప్రవర్తనలో భయ మెంత, పగ యెంత, న్యాయ మెంత అని తూచి చూచుటయే దాని లక్ష్యము. ఈ సంప్రదాయపు శిల్పమును, దాని విలువను తెలుగు పాఠకులకు విశదపరచుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ కథలకు మూలము చరిత్రయే. 1888లో లండను నగరపు వైట్‌చాపెల్ పేటలో పేదస్త్రీలను వరుసగా చంపి, ఎన్నడును పట్టుబడకపోయిన హంతకుడు, పత్రికలు ‘జాక్ ది రిప్పర్’ అని వ్యవహరించినవాడు, ఐరోపా ప్రజల మనస్సులలో నొక క్రొత్త భయమును నాటెను. హత్య యనగా పగచేతనో, ధనాశచేతనో, ఈర్ష్యచేతనో ఎరిగినవారి నడుమ జరుగునదని లోకము తలచుచుండెను. అట్టి హత్యలో మృతుని బంధుమిత్రులను ప్రశ్నించినచో హంతకుని జాడ దొరకును. తానెరుగనివారిని, పైకి కనబడు కారణ మేదియు లేకయే, చంపువానిని పట్టుట యెట్లు? మొదటి ప్రపంచయుద్ధానంతరము ఓటమిచేతను, ఆకలిచేతను, ధరల పెరుగుదలచేతను క్రుంగిపోయిన జర్మనీలో ఈ ప్రశ్న మరల మరల తలయెత్తినది. హానోవరు నగరమున పెక్కుమంది బాలురను, యువకులను చంపిన ఫ్రిట్జ్ హార్మన్ 1925లో మరణదండన పొందెను. 1929లో డ్యుసెల్‌డార్ఫ్ నగరమును గడగడలాడించిన పీటర్ క్యూర్టెన్‌కు 1931 జూలై 2న శిరశ్ఛేదము జరిగెను. ఆ కాలముననే బెర్లిను పోలీసుశాఖలో ఎర్నెస్ట్ గెన్నాట్ అను అధికారి, 1926లో ఏర్పడిన హత్యావిచారణ విభాగమునకు నాయకుడై, టైపురైటరు మొదలు సాక్ష్యసేకరణ సాధనముల వరకు సమస్తమును అమర్చిన మోటారు వాహనమును హత్యాస్థలములకు నడిపించి, పరిశీలన ముగియువరకు అచ్చట దేనిని ముట్టరాదను నియమమును కట్టుదిట్టముగా అమలు జరిపెను. ఓపికయే ఆయుధముగా గల పోలీసు అధికారి, తరువాతి కథలలో నాయకుడు, ఇట్లు జీవితమునుండియే పుట్టినాడు.

ఈ సంప్రదాయమునకు ఆదికావ్యము వంటిది ఫ్రిట్జ్ లాంగ్ దర్శకత్వమున 1931 మే నెలలో బెర్లినున విడుదలయైన ‘ఎం’ అను చలనచిత్రము. అది లాంగ్ తీసిన తొలి శబ్దచిత్రము. కథను అతడును, అతని భార్య థెయా ఫాన్ హార్బూయు కలిసి వ్రాసిరి. ఆ చిత్రపు తొలిభాగమును కొంచెము నిదానముగా చూచినచో ఈ కళయొక్క మర్మములు పెక్కు బోధపడగలవు. అద్దె ఇండ్లు క్రిక్కిరిసిన వాకిటిలో పిల్లలు వలయముగా నిలిచి, హంతకుని గూర్చిన పాట పాడుచు ఆడుకొందురు. అది హార్మన్‌ను గూర్చి ఆనాటి జర్మనీలో నిజముగా పాడుకొన్న పాటకు మార్పు. మేడమీద బట్టలుతికి బ్రతుకు ఒక తల్లి, బడినుండి రావలసిన కూతురు ఎల్సీ కొరకు అన్నము వడ్డించి యెదురు చూచుచుండును. వీధిలో ఎల్సీ తన బంతిని ఒక ప్రకటనస్తంభమునకు కొట్టి యాడుకొనుచున్నది. ఆ ప్రకటన హంతకుని పట్టి యిచ్చినవారికి 10,000 మార్కుల బహుమానమును చాటునదే. ఆ కాగితముమీదనే ఒక మనిషి నీడ పడును. ఆ నీడ పాపతో తీయగా మాటలాడును. ఇంటివద్ద తలుపు చప్పుడైనప్పుడు తల్లి ఆశతో తీయగా, వచ్చినవాడు ఉత్కంఠభరితమైన నవలను ప్రకరణముల వారీగా ఇంటింట అమ్మువాడు. నేరకథను వినోదముగా అమ్ముకొను వర్తకుని, బిడ్డకై తల్లడిల్లు తల్లి గడపయెదుట నిలిపి, లాంగ్ తన కళకును ఆ వర్తకమునకును గల అంతరమును మొదటనే తేల్చివేసెను.

తరువాత జరిగినది మనకు కనబడదు. తల్లి ‘ఎల్సీ’ యని పిలుచుచుండగా, శూన్యమైన మెట్లవరుసయు, బట్టలారవేసిన అటకయు, ఎవ్వరును కూర్చుండని కుర్చీ ముందు ఖాళీ పళ్లెమును ఒకదాని వెంట నొకటి తెరపై నిలుచును. పొదలలోనుండి బంతి దొరలి వచ్చి ఆగును. హంతకుడు కొని యిచ్చిన గాలిబుడగ తంతితీగలలో చిక్కి, క్షణమాగి, ఎగిరిపోవును. అంతటితో ఆ ఘట్టము ముగియును. రక్తబిందు వొక్కటైనను చూపకయే, చూపదగని దానిని ప్రేక్షకుని ఊహకు అప్పగించుట ఈ సంప్రదాయముయొక్క మొదటి సూత్రము. హింసను చూపినచో చూచువాడు సాక్షి మాత్రమే యగును. దాని వెలితిని చూపినచో ఆ తల్లి దుఃఖమున పాలివాడగును.

రెండవ సూత్రము శబ్దమునకు సంబంధించినది. ఈ చిత్రమున నేపథ్యసంగీతము లేదు. హంతకుడైన హాన్స్ బెకెర్ట్, తనలో దుర్వాంఛ చెలరేగినప్పుడెల్ల, నార్వే సంగీతకర్త గ్రీగ్ రచించిన ‘పేర్ గింట్’ లోని యొక పల్లవిని ఈల వేయును. ఆ పాత్రను ధరించిన పీటర్ లొర్రెకు ఈల వేయుట రాకపోవుటచే, లాంగ్ తానే ఆ ఈలను వేసెనని ప్రసిద్ధి. నగరమందలి పోలీసు లందరి కన్నులకు చిక్కని హంతకుని, గాలిబుడగలమ్ము ఒక గ్రుడ్డివాడు ఆ ఈలను బట్టి గుర్తుపట్టును. అతని మాట విని ఒక యువకుడు అరచేతిలో సుద్దతో ‘ఎం’ అను అక్షరమును వ్రాసికొని, హంతకుని కోటు భుజముపై చరచి ముద్రించును. శబ్దచిత్రములు పుట్టిన తొలి దినములలో ఇతరులు పాటలకును మాటలకును వాడుకొన్న శబ్దమును, లాంగ్ కథను నడుపు ప్రధానసాధనముగా మలచెను.

మూడవది సమాంతర కథనము. హత్యల మూలమున పోలీసుల సోదాలు హెచ్చి తమ వృత్తులు సాగకపోగా, నగరపు దొంగల నాయకులును సభ దీర్చి హంతకుని పట్ట నిశ్చయింతురు. ఒక గదిలో పోలీసు అధికారులు, వేరొక గదిలో దొంగల పెద్దలు. రెండుచోట్లను పొగ, మేజాబల్ల, తర్కము. ఇచ్చట నొకడు ఆరంభించిన హస్తవిన్యాసమును అచ్చట వేరొకడు ముగించును. పాలకులకును, నేరస్థులకును నడుమ భేద మెంత సన్ననిదో ఒక్క ఉపన్యాసమైనను లేకుండ ఈ కూర్పు తెలియజెప్పును. దొంగలు బిచ్చగాండ్రను వీధి వీధికి కాపలా నిలుపగా, ఇన్‌స్పెక్టరు లోమాన్ మానసిక చికిత్సాలయములనుండి విడుదలైనవారి పట్టికలను తిరుగవేయించును. ఒక హత్యాస్థలమున దొరికిన ‘అరిస్టన్’ సిగరెట్టు పీకల పేరు పాతకాగితములలో నుండగా, అదే సిగరెట్టు బెకెర్ట్ గదిలో కనబడును. హంతకుడు పత్రికకు వ్రాసిన లేఖకు వాడిన ఎఱ్ఱపెన్సిలు పొట్టు అతని కిటికీ గట్టుపై చిక్కును. ఇచ్చట దివ్యదృష్టి గల డిటెక్టివు లేడు. పలువురు గుమాస్తాలు, పోలీసులు పగలు రాత్రి చేసిన విసుగు పుట్టించు పనియే సత్యమును వెలికి దీయును. పరిశోధనను ప్రతిభకు గాక శ్రమకు అప్పగించిన ఈ నిర్ణయము ఈ సంప్రదాయమునకు ప్రాణము.

దొంగలే ముందుగా బెకెర్ట్‌ను పట్టి, పాడుపడిన సారాకర్మాగారములో న్యాయస్థానము వంటి దానిని కూర్చుదురు. అచ్చట బెకెర్ట్ చేయు విలాపము ప్రపంచ చలనచిత్ర చరిత్రలో ప్రసిద్ధికెక్కినది. తన లోపలి దానినుండి తాను పారిపోజాలనని అతడు గుండె పగిలి మొఱవెట్టుచుండగా, అంతవరకు అతని చావునే కోరిన మనమును చలింతుము. అట్లని అతనిని క్షమింపుమని చిత్రము మనల నడుగదు. గుంపు చేసిన తీర్పునకును, చట్టము చేయు తీర్పునకును గల భేదమును చూడుమని మాత్రమే అడుగును. తుదకు పోలీసులు వచ్చి యతనిని చట్టము పేర చేపట్టుదురు. న్యాయమూర్తులు ప్రవేశింతురు గాని వారి తీర్పు మనకు వినబడదు. శోకించు తల్లులే కనబడుదురు. ఈ ఘట్టముయొక్క లోతును చరిత్ర తరువాత నిరూపించినది. 1933లో లాంగ్, లొర్రె ఇరువురును జర్మనీ వీడిరి. నాజీలు చిత్రమును నిషేధించిరి. అంతటితో తృప్తి పడక, 1940లో యూదులపై ద్వేషమును రేపుటకు తీసిన ప్రచారచిత్రమున లొర్రె విలాపదృశ్యమునే చేర్చిరి. గుంపు తీర్పునకు బెదరి వ్రాసిన ఘట్టము గుంపును రెచ్చగొట్టుటకు వినియోగపడుట కంటె విషాదమేమున్నది?

స్విట్జర్లాండు రచయిత ఫ్రీడ్రిఖ్ డ్యురెన్‌మాట్ 1958లో ప్రకటించిన ‘వాగ్దానము’ అను నవల ఈ మార్గమున మరియొక శిఖరము. మొదట అతడు అదే కథను చలనచిత్రమునకు వ్రాయగా, అందు హంతకుడు పట్టుబడును. ఆ ముగింపుతో తృప్తి చెందక, నవలలో కథను వేరు దారి పట్టించెను. హత్యకు గురియైన గ్రిట్లీ అను బాలిక తల్లికి, హంతకుని పట్టుదునని ఇన్‌స్పెక్టరు మత్తేయి మాట యిచ్చును. ఆ పాప బడిలో వేసిన బొమ్మయొక్కటే అతనికి ఆధారము. అందులో ఆకాశమంత పొడవైన మనిషి, నల్లని కారు, పాపకు అతడిచ్చు చిన్న చిన్న ముళ్లపందులు, కొమ్ములు గల ఒక జంతువు ఉండును. ముళ్లపందులు చాక్లెట్టు ఉండలనియు, కొమ్ముల జంతువు గ్రౌబ్యుండెన్ ప్రాంతపు కార్ల పలకపై ముద్రించిన కొండమేక యనియు గ్రహించి, ఆ కారు రాక తప్పని మార్గమున పెట్రోలు అంగడి పెట్టి, ఒక చిన్నపిల్లను ఎరగా నుంచి, అతడు వేచియుండును. అతని తర్కమంతయు సరియైనదే. హంతకుడు బయలుదేరెను గూడ. కాని దారిలో కారు ప్రమాదమున మరణించెను. అది యెరుగని మత్తేయి ఆ అంగడియొద్దనే వేచి వేచి, త్రాగుడుకు లోనై, మతి చెడి, ముసలివాడగును. బుద్ధిబలమునకు లొంగని యాదృచ్ఛికతకు ఈ నవల ఇచ్చిన స్థానము నేరకథలకు వినయమును నేర్పినది. ఎరగా నుంచిన పసిపిల్ల జీవిత మేమగునో గూడ రచయిత మరువలేదు. ధర్మమునకై చేసిన అధర్మమును అతడు క్షమింపలేదు.

స్వీడనులో మాయ్ షోవాల్, పెర్ వాలో అను సహచరులు 1965 మొదలు 1975 వరకు, చెరియొక ప్రకరణముగా వ్రాయుచు, మార్టిన్ బెక్ అను పోలీసు అధికారి నాయకుడుగా పది నవలలను వెలువరించిరి. సంపన్నమై, సుఖవంతమై కనబడు తమ దేశమున పేదవారును, ఒంటరివారును ఎట్లు విస్మృతులగుచున్నారో చూపుటకు నేరకథను వారు సాధనముగా గైకొనిరి. తొలి నవలయగు ‘రోసానా’లో ఒక కాలువ లాకువద్ద పూడిక తీయుచుండగా పేరు తెలియని స్త్రీ శవము బయల్పడును. ఆమె యెవరో తెలియుటకే నెలలు గడచును. ఓడపై ఆమెతో ప్రయాణించి ఎల్లదేశములకు చెదరిపోయినవారివద్దనుండి ఛాయాచిత్రములను తెప్పించి, పోలీసులు ఆమె తుదిదినములను ముక్క ముక్కగా కూర్చుకొందురు. హంతకుని పేరు తెలియుటకు ముందు హతురాలి పేరు తెలియవలెనను ఈ క్రమములోనే, ఆమె పేరే నవలకు పేరగుటలోనే, ఆ రచయితల హృదయమున్నది. హెన్నింగ్ మాంకెల్ నవలలును, 2007లో వెలువడిన డేనిష్ టెలివిజను ధారావాహిక ‘ఫోర్‌బ్రిడెల్సెన్’ను ఈ దారిని నడచినవే. 2011 నాటి ‘ది బ్రిడ్జ్’ అను ధారావాహికలో స్వీడను డెన్మార్కుల నడిమి వంతెనపై, సరిగా సరిహద్దురేఖమీద, ఒక రాజకీయనాయకురాలి దేహార్ధమును, ఒక వేశ్య దేహార్ధమును ఒక్కటిగా చేర్చి యుంచగా, ఆ యిద్దరి మరణములకు ప్రభుత్వము చూపిన శ్రద్ధలో గల భేదమును కథ యెత్తి చూపును.

ఇట్టి ఘోరములను కథలుగా చెప్పుట జనుల మనస్సులను మలినపరచదా యని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఈ మార్గమును అనుకరించిన పలువురు, లాంగ్ దాచినదానిని చూపుటయే నైపుణ్యమని భ్రమించి, స్త్రీల శవములను అలంకరణ వస్తువులుగను, హంతకుని మహామేధావిగను తీర్చిదిద్దిరి. అట్టి రచనలు తల్లి గడపయెదుట నిలిచిన ఆ నవలల వర్తకుని సంతతివే. ఉత్తమములను గుర్తించుటకు ఒక్క పరీక్ష చాలును: కథ ముగిసిన పిమ్మట మనకు గుర్తుండునది హంతకుని చాతుర్యమా, మృతురాలి పేరా? ఎల్సీ, గ్రిట్లీ, రోసానా — ఈ మూడు పేర్లును మరపునకు రావు. ఆ రచయితలు వారిని శవములుగా గాక మనుష్యులుగా చూచుటయే దానికి కారణము.

ఈ పరీక్ష చేత నుంచుకొని చదువువారికి ఈ సాహిత్యము భయమును గాక వివేకమును ప్రసాదించును. క్రోధావేశమున ఊరంతయు ఒక్క కంఠముతో చావును కోరునప్పుడు, చట్టముయొక్క నిదానమును గౌరవించుట యెంత కష్టమో, ఎంత అవసరమో, ఇంత తీవ్రముగా బోధించిన కళారూపములు అరుదు. క్రొత్తగా ఆరంభింపదలచినవారు ముందుగా ‘ఎం’ చిత్రమును చూచి, ఆ పిమ్మట ‘వాగ్దానము’ను, ‘రోసానా’ను చదువవలెనని నా మనవి. నేరకథ యను పేరు చూచి వీనిని దూరముంచుకొన్న సాహిత్యప్రియుడు, ఇరువదవ శతాబ్దపు ఐరోపా తన్ను తాను ప్రశ్నించుకొన్న ఉత్తమ రచనలలో కొన్నింటిని చేజేతుల వదలుకొన్నవాడగును.