భగ్నమైన పెళ్లిరోజు – వధువు స్థానం: కన్యాశుల్కం, వరవిక్రయం, మాయాబజార్

వ్యాససంగ్రహం:

అనుకున్నట్లు జరగని పెళ్లిరోజు తెలుగు నాటకంలోనూ చలనచిత్రంలోనూ ఒక ప్రధాన సన్నివేశంగా రూపొందింది. గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’, కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’, కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ‘మాయాబజార్’ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. ఈ మూడింటిలో ఆ రోజు మిగిల్చిన నిరాశ ఎవరిదిగా చిత్రితమైందో, పెళ్లిపీటల మీద వధువు స్థానం ఏమిటో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: కన్యాశుల్కం, వరకట్నం, మాయావధువు, ప్రహసనం, వధువు సమ్మతి.

1. ఉపోద్ఘాతం

నిరాశ ఆశను అనుసరించి వచ్చే భావం. ఒక పెళ్లిరోజు నిరాశపరిచిందని చెప్పాలంటే ఆ రోజు మీద ముందుగా ఎవరో ఆశ పెట్టుకొని ఉండాలి. ‘పెళ్లంటే నూరేళ్ల పంట’ అనే నానుడి ఆ ఆశను అందరికీ సమానంగా పంచినట్లు కనిపిస్తుంది. సాహిత్యంలో మాత్రం ఆ పంపకం సమానంగా లేదు. చెడిపోయిన పెళ్లి గురించి తెలుగు ప్రేక్షకుడు ఎక్కువగా నవ్వుకున్నాడు. ఆ నవ్వుకు గురైనవాడు సాధారణంగా వరుడు లేదా వరుడి తరఫువారు. అటువంటి వరుడికి తగిన శాస్తి జరిగిందన్న తృప్తిలో, అదే పీట మీద కూర్చోవలసిన పిల్ల ఏమైందన్న ప్రశ్న వెనుకబడింది. సంఘసంస్కరణ దృష్టితో కన్యాశుల్కం, వరవిక్రయం నాటకాలపైనా, వినోదకళ దృష్టితో మాయాబజార్‌పైనా విస్తృతంగా చర్చ జరిగింది. ఈ మూడింటినీ ఒకచోట పెట్టి చూసినప్పుడు పై ప్రశ్న స్పష్టమవుతుంది.

2. కన్యాశుల్కం: ఆశకు ముందే జరిగిన పెళ్లి

‘కన్యాశుల్కం’ తొలికూర్పు 1897లో, సమగ్రంగా మార్చి రాసిన మలికూర్పు 1909లో వెలువడ్డాయి. తొలికూర్పుకు ఇంగ్లీషులో రాసిన పీఠికలో గురజాడ ఒక పట్టికను ప్రస్తావించాడు. విశాఖపట్టణ ప్రాంతంలో మూడేళ్ల కాలంలో బ్రాహ్మణ కుటుంబాలలో శుల్కం తీసుకొని చేసిన పెళ్లిళ్ల వివరాలవి. నమోదైన పెళ్లిళ్లు 1,034. వాటిలో అయిదేళ్ల వధువులు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు ఆరుగురు, ఏడాది వయసువారు ముగ్గురు.

ఈ అంకెలను కన్యాశుల్క దురాచార తీవ్రతకు నిదర్శనంగా ఉదహరించడం పరిపాటి. ఇవి మరొక విషయం కూడా చెబుతాయి. ఏడాది పిల్లకు తన పెళ్లిరోజు గుర్తుండే అవకాశమే లేదు. ఆ రోజు మీద ఆమెకు ఆశ లేదు, కనుక నిరాశా లేదు. ఆ పెళ్లి ఫలితం మాత్రం ఆమె జీవితమంతటా ఉంటుంది. బుచ్చమ్మ పాత్రకు ఈ పట్టికే నేపథ్యం. అగ్నిహోత్రావధాన్లు పెద్ద కూతురిని డబ్బు తీసుకొని పెళ్లి చేశాడు, ఆమె విధవ అయింది. నాటకం మొదలయ్యేసరికే బుచ్చమ్మ పెళ్లి గతం. ఆ రోజును ఎవరూ రంగం మీద గుర్తు చేసుకోరు. చెల్లెలు సుబ్బికి అదే గతి పట్టకూడదన్న వాదనలో అది ఒక దృష్టాంతంగా మాత్రమే వస్తుంది.

సుబ్బి పరిస్థితి కూడా ఇందుకు భిన్నం కాదు. లుబ్ధావధాన్లుతో సంబంధం వద్దని తల్లి వెంకమ్మ నూతిలో దూకుతుంది. మేనమామ కరటకశాస్త్రి పథకం పన్నుతాడు. మధురవాణి ఆ పథకానికి తోడ్పడుతుంది. సుబ్బి పెళ్లి చుట్టూ ఇంత కథ నడిచినా, కథాగమనాన్ని నిర్ణయించే మాట ఆమె నోట ఒక్కటీ రాదు.

3. లుబ్ధావధాన్లు పెళ్లి: వధువు లేని వివాహం

కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టడం నాటకానికి మలుపు. నాటకకాలంలో పూర్తయిన పెళ్లి ఇదొక్కటే. ఆ పెళ్లిలో వధువు లేదు. సుబ్బి పెళ్లి జరగలేదు. గిరీశం ఆశించిన బుచ్చమ్మ పునర్వివాహమూ జరగలేదు. సౌజన్యారావు పంతులు ఆమెను చదువు కోసం పూనాలోని వితంతు గృహానికి పంపే ఏర్పాటు చేస్తాడు. నాటకంలో ఒక స్త్రీకి దక్కిన భవిష్యత్తు పెళ్లి ద్వారా రాలేదు, పెళ్లి తప్పిపోవడం ద్వారా వచ్చింది.

ముసలితనంలో చిన్నపిల్లను తెచ్చుకున్న లుబ్ధావధాన్లుకు ఆ పెళ్లి సుఖం ఒక్కపూట కూడా మిగలలేదు. పెళ్లికూతురికి అంతకుముందే పెళ్లయిందన్న అనుమానం పుట్టింది. మొదటి మగడి దయ్యం కలలోకి వచ్చింది. ఆ దయ్యాన్ని సీసాలో బంధించడానికి పూజారి గవరయ్య దిగాడు. చివరికి పెళ్లికూతురే మాయమై హత్యానేరం మెడకు చుట్టుకుంది. ఈ క్రమంలో గురజాడ పెట్టిన వ్యంగ్యం నిశితమైనది. తాను మారుమనువు పిల్లను చేసుకున్నానేమోనని వణికిపోయే లుబ్ధావధాన్లు ఇంట్లోనే అతని కూతురు మీనాక్షి విధవగా ఉంది. ఊహలోని విధవ అతన్ని భయపెట్టింది. కళ్లెదుట ఉన్న విధవ అతన్ని కలవరపెట్టలేదు. మీనాక్షి పెళ్లి ఎలా జరిగిందో, దాని మీద ఆమె ఏ ఆశ పెట్టుకుందో ఎవరూ అడగరు.

ప్రహసనంలో దుష్టుడికి శాస్తి జరగడం, అమాయకురాలు బయటపడడం చాలునని, బాధితుల అంతరంగాన్ని అందులో వెదకడం సరికాదని ఇక్కడ ఆక్షేపించవచ్చు. ప్రక్రియాపరంగా ఆ వాదనకు బలం ఉంది. కానీ ‘కన్యాశుల్కం’ ప్రహసన పరిమితిలో ఆగిన రచన కాదు. ఆడవేషం వేసిన కుర్రవాడు కట్టిన ముడిని విప్పడానికి మగవేషంలో సౌజన్యారావు ఇంటికి వచ్చిన మధురవాణికి గురజాడ సుదీర్ఘమైన, గంభీరమైన సంభాషణ ఇచ్చాడు. పెళ్లి అనే వ్యవస్థకు వెలుపల ఉన్న స్త్రీకి దక్కిన ఆ వాక్కు, దాని లోపల చిక్కుకున్న స్త్రీలకు అంతగా దక్కలేదు. ఇది రచయిత లోపమని తేల్చడం తొందరపాటవుతుంది. మాట్లాడే వీలు ఎవరికి ఉండేదో నాటకం నిజాయితీగా చూపిందనడం సమంజసం.

4. వరవిక్రయం: పీట ఎక్కని కాళింది, ఎక్కి ప్రశ్నించిన కమల

కన్యాశుల్కంలో అమ్ముడుపోయేది పిల్ల. 1920ల నాటి ‘వరవిక్రయం’లో అమ్ముడుపోయేది పిల్లవాడు. కొనుగోలుకు భూమి అమ్ముకునేది పిల్ల తండ్రి పురుషోత్తమరావు. పెళ్లిళ్ల పేరయ్య మధ్యవర్తిత్వంలో సింగరాజు లింగరాజు కొడుకు బసవరాజుతో సంబంధం కుదురుతుంది. తన పెళ్లి కోసం తండ్రి చితికిపోవడం సహించలేక పెద్ద కూతురు కాళింది నూతిలో పడి ప్రాణం తీసుకుంటుంది. ముందుగా పుచ్చుకున్న కట్నాన్ని లింగరాజు తిరిగి ఇవ్వడు. రెండో కూతురు కమల అదే వరుణ్ణి పెళ్లాడడానికి ఒప్పుకుంటుంది.

రెండు నాటకాలలోనూ నుయ్యి ఉండడం గమనార్హం. కన్యాశుల్కంలో నూతిలో దూకింది తల్లి, ఆమెను బయటికి తీశారు. వరవిక్రయంలో పడింది పెళ్లికూతురు, ఆమె దక్కలేదు. సుబ్బికి లేని అవగాహన కాళిందికి ఉంది. తన పెళ్లి వెల తెలిసిన వధువు ఆమె. కానీ ఆ అవగాహనకు నాటకం తెరచిన దారి మరణమొక్కటే.

కమల పాత్రలో ఒక కొత్త అడుగు పడింది. ఆమె పెళ్లిని ఆపదు, మారువేషాన్ని ఆశ్రయించదు. పీటల మీద తానే కూర్చుంటుంది. పెళ్లయ్యాక అత్తవారింటికి వెళ్లడానికి నిరాకరిస్తుంది. డబ్బు ఇచ్చి కొన్నారు కాబట్టి వచ్చి ఉండవలసినవాడు వరుడేనని వాదిస్తుంది. వివాదం న్యాయస్థానం దాకా వెళుతుంది. కట్నం తీసుకున్నవారి తర్కాన్నే తిప్పికొట్టడం ఆమె ఆయుధం. పెళ్లి కుదిరిందని మురిసిపోయిన లింగరాజు నిరాశకు కారణం ఇక్కడ మాయావధువు కాదు, మాట్లాడే వధువు. అయితే ఆ మాటకు ముందు ఒక అక్క ప్రాణం పోవలసి వచ్చింది. పీటల మీద కాక, పెళ్లి ముగిశాకే కమల తిరుగుబాటు బయటపడిందన్నదీ మరువరాదు.

5. మాయాబజార్: వధువు రూపంలో ఘటోత్కచుడు

1957లో విజయా సంస్థ నిర్మించిన ‘మాయాబజార్’ కథ వ్యాసభారతంలో లేదు, శశిరేఖ పాత్ర కల్పితం. పాండవులు సంపద కోల్పోవడంతో అభిమన్యుడికి ఇస్తామన్న మాట తప్పి, శశిరేఖను లక్ష్మణకుమారుడికి ఇవ్వడానికి బలరాముడు, రేవతి సిద్ధపడతారు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించి ఆమె స్థానంలో చేరతాడు. మగవాడు పెళ్లికూతురిగా వరుణ్ణి భంగపరచడం అనే కథాంశం దాదాపు అరవై ఏళ్ల తరువాత పురాణవేషంలో తిరిగి వచ్చింది. ప్రత్యక్ష ప్రభావాన్ని నిరూపించే ఆధారం లేకుండా దీన్ని అనుసరణ అనలేం. తెలుగు ప్రేక్షకుడు ఈ ఉపాయాన్ని రెండుసార్లూ మనసారా ఆదరించాడని మాత్రం చెప్పవచ్చు.

రెండింటి మధ్య భేదం ముఖ్యమైనది. సుబ్బికి భిన్నంగా శశిరేఖకు ప్రియుడున్నాడు, ఇష్టం ఉంది. అదే సమయంలో ఘటోత్కచుడి ఆశ్రమంలో ఆమె కోరిన పెళ్లి జరుగుతుంది. ఒక పెళ్లి భగ్నమవుతుండగా మరొకటి ఫలించడం వల్ల ప్రేక్షకుడి నవ్వులో అపరాధభావం ఉండదు.

అయినా ఒక అంశం ఆలోచింపజేస్తుంది. కుదిర్చిన పెళ్లి పట్ల సంబరం, ఆ వరుడి పట్ల ధిక్కారం రెండూ తెర మీద బలంగా వ్యక్తమైంది మాయాశశిరేఖలోనే. పెళ్లి సంబరంతో పాడుతూ ఆడే ఘట్టంలో ఆడగొంతు ఉన్నట్టుండి మగగొంతుగా మారుతుంది. పీటల మీద వికృతాకారాలు చూపి వరుణ్ణి బెదరగొట్టేదీ ఆ రూపమే. నటి సావిత్రి దేహంలో అవి వధువు చేసిన చేష్టలుగా కనిపిస్తాయి, కథలో మాత్రం ఘటోత్కచుడివి. కన్నెపిల్ల పెద్దలు తెచ్చిన వరుణ్ణి పీటల మీద ధిక్కరించే దృశ్యాన్ని ప్రేక్షకులు ఆనందించారు. ఆ ధిక్కారం నిజానికి రాక్షసుడిదన్న హామీ ఉండడం ఆ ఆనందాన్ని సుగమం చేసింది.

6. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

• భగ్నమైన పెళ్లిరోజును ఈ రచనలు ప్రధానంగా వరపక్షపు నిరాశగా, అందువల్ల హాస్యంగా చిత్రించాయి.

• కన్యాశుల్కం, మాయాబజార్‌లలో పిల్లను కాపాడడమంటే ఆమెను పీటల నుంచి తప్పించి ఆ స్థానంలో మగవాణ్ణి కూర్చోబెట్టడం. రక్షణ జరిగింది, కానీ నిరాకరణ ఆమె గొంతులో వినిపించలేదు.

• వరవిక్రయంలో కమల స్వయంగా పీట ఎక్కి, ఆ తరువాత తన గొంతుతో ప్రశ్నించింది. ఆ ప్రశ్నకు వెల కాళింది మరణం.

• బుచ్చమ్మ, మీనాక్షి వంటివారి పెళ్లిరోజులు కథకు ముందే ముగిసి, ఎవరి జ్ఞాపకంలోనూ చోటు పొందలేదు.

లుబ్ధావధాన్లు, లక్ష్మణకుమారుడు పొందిన భంగపాటు నేటికీ తరగతి గదిలో నవ్వులు పూయిస్తుంది. ఆ నవ్వు న్యాయమైనదే. దాని పక్కనే 1,034 పెళ్లిళ్ల పట్టికను ఉంచి చదివినప్పుడు, నిరాశపడే అవకాశం కూడా దక్కని పెళ్లికూతుళ్లు ఆ నవ్వు వెనుక కనిపిస్తారు. ఈ రచనల అధ్యయనం, బోధన వారిని కూడా కలుపుకొని సాగవలసి ఉంది.